పెద్దాయన మాట్లాడిన క్లిప్పు

తెర ఎర్రగయితే ముందుగాల మనుషుల మీద అనుమానం వస్తది. ఫైలు మీద రాదు, డిస్కు మీద రాదు, మన చేతి మీద అసలే రాదు. ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలు ఫోన్లు చేసి, సార్ క్లిప్పులన్నీ ఎర్రగయినయి, మీడియా ఆఫ్‌లైన్ అంటున్నది, ఏం చేయాలె అని అడుగుతుంటరు. నేను కుర్చీల వెనక్కి ఒరిగి, గొంతు జర పెద్దది చేసుకొని చెప్తుంట: భయపడకు, ఫైలు సావలేదు, దాని అడ్రసు మారింది. సాఫ్ట్‌వేర్ వీడియోను తన కడుపుల పెట్టుకోదు. ఫలానా డిస్కుల, ఫలానా ఫోల్డర్ల, ఫలానా పేరుతోని ఉన్నదని ఒక చిట్టీ రాసుకుంటది, అంతే. నువ్వు ఇల్లు మారిస్తివి, దానికి చెప్పకపోతివి. అది పాత ఇంటికి పోయి తలుపు కొట్టి, లోపల ఎవ్వలు లేరని వాపసొస్తది. కొత్త ఇల్లు చూపియ్యి, అయిపాయె.

నలభై ఏండ్లల ఒక్క బొమ్మ పోగొట్టుకోలేదు నేను. నిజామాబాద్‌ల పెండ్లి వీడియోకు మిక్సింగ్ అనేది తెచ్చిన మొదటి మనిషిని గూడ నేనే.

ఈ రెండు మాటల్ల రెండోది అబద్ధం. మొదటి మనిషి స్టేషన్ దిక్కు ఇంకొకాయన ఉండె, నేను ఆయన దగ్గర టేపులు వెనక్కి చుట్టిన. మొదటిది గూడ అబద్ధమే. పోగొట్టుకున్నయి చానా ఉన్నయి. ఒక పెండ్లిల తలంబ్రాలు మొత్తం పోతే, ఇంకో పెండ్లివి తీసి, మొకాలు కనబడకుంట ఒట్టి చేతులు, బియ్యం వరకే దగ్గరగ చూపిచ్చి ఇచ్చేసిన. ఆ దంపతులకు ఇప్పుడు కాలేజీకి పోయే పిల్లలున్నరు. ఇప్పటిదాక ఎవ్వలు అడగలేదు.

కంఠేశ్వర్‌ల మా ఇంటి ముందటి గదే నా దుకాణం. బోర్డు మీద స్టూడియో అని ఉంటది గని, లోపల ఒక కంప్యూటరు, రెండు తెరలు, ఒక అల్మారి, ఒక దేవుని పటం. కోత నాది, కెమెరా నా పార్ట్‌నర్‌ది. ఆయన చందూర్ మనిషి. నాకంటె పదేండ్లు చిన్న, అరవైకి వచ్చిండు. మోకాలుకు పట్టీ కట్టుకొని ఇంకా మండపాల ముందర వంగి లేస్తుంటడు. ముప్పై ఏండ్ల సంది కలిసి పని చేస్తున్నం. ముప్పై ఏండ్ల సంది నేను ఆయనను అనుమానిస్తనే ఉన్న.

ఎందుకంటే ఆయన ఎక్కువ మాట్లాడడు. నేను గంటసేపు కోతలు కోసినంక ఆఖరికి "ఔనన్నా" అంటడు. నమ్మి అన్నడా, ఎగతాళికి అన్నడా తెలవది. ఇంకో కారణం కాపీలు. కొన్నేండ్ల కింద ఒకరోజు చాయ్ తాగుకుంట, అన్నా ప్రతి పెండ్లికి రెండు కాపీలు చేద్దాం, ఒకటి ఈడ ఉంటది, ఒకటి మా ఇంట్ల ఉంటది, ఏదన్న అయితే రెండోది అక్కరకొస్తది అన్నడు. మంచి మాటే. ఒక్క డిస్కుల ఉన్న వీడియో ఉన్నట్టు కాదు, ఇంకో ఇంట్ల ఇంకో కాపీ ఉంటెనే ఉన్నట్టు. పిల్లలకు నేను చెప్పే మొట్టమొదటి మాట ఇదే. గని ఆయన నోటి నుంచి వచ్చేసరికి నాకు వేరే తీరుగ వినబడ్డది. నా మాలంత తన ఇంటికి చేరేసి, ఒక మంచి రోజు చూసి సొంత దుకాణం తెరుస్తడు! మీ ఇంట్ల ఎలుకలుంటయి తమ్మీ అన్న. ఔనన్నా అన్నడు. గట్ల మా దగ్గర ప్రతి పెండ్లి ఒకటే డిస్కుల, ఒకటే అల్మారిల, నా మొలతాడుకున్న ఒకటే తాళంచెవి కింద ఉండిపోయింది.

పోయిన ఎండకాలం బోధన్ అవతల కాలువ కింద సేద్యం చేసుకునే ఒక ఇంట్ల పెండ్లి తీసినం. ఎన్నడో కోస్తా దిక్కు నుంచి వచ్చి, చెరుకు, వరి వేసుకొని ఇక్కడనే పాతుకపోయినోళ్లు. పెద్ద మనవరాలి పెండ్లి. పదిహేను రోజుల్ల మొత్తం వీడియో చేతుల పెడ్తనని మాటిచ్చిన. దసరా దగ్గరికొచ్చినా ఇయ్యలేదు. వాళ్లు ఫోను చేసినప్పుడల్ల రంగులు సరిచేస్తున్న, సౌండు కడుగుతున్న అని చెప్తుంటి. నిజానికి ప్రాజెక్టు తెరిచేందుకే నాకు పాణం ఒప్పలేదు. మూడు కెమెరాలవి, డ్రోనువి, చుట్టాలు ఫోన్లల తీసినవి, అన్నీ ఒకటే కుప్ప. అందుల ఫోన్లతోని ఇంకో గోస. ఫోను ఒక్క తీరుగ తియ్యది, ఒక సెకనుల ఎక్కువ బొమ్మలు, ఇంకో సెకనుల తక్కువ బొమ్మలు. టైంలైన్ మీద పెడితే మొదట్ల బాగనే ఉంటది, పోంగ పోంగ పెదవులు ముందుకు పోతయి, మాట వెనకబడ్తది. ఆ క్లిప్పులన్నింటిని ముందే ఒక వేగానికి మార్చుకొని, తర్వాతనే కోతకు కూసోవాలె. మూడు రోజుల పని. నేను నాలుగు నెలలు వాయిదా వేసిన.

ఆ నాలుగు నెలల్ల పెండ్లిపిల్ల తాత కాలం చేసిండు. వానలు పడ్తున్నప్పుడు పొలం గట్టు మీద కూలబడి మల్ల లేవలేదట.

మాకు దసరా అంటే కెమెరాల పండుగ. కెమెరాలు, లైట్లు, స్టాండ్లు, డిస్కులు అన్నీ తుడిచి దేవుని పటం ముందర పేర్చి పసుపు కుంకుమ పెడ్తం. ఆ రోజు వాటితోని పని చెయ్యం. సాయంత్రం నా పార్ట్‌నర్ జమ్మి ఆకు తెచ్చి నా చేతుల పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకున్నడు. ప్రతి ఏడు తీసుకుంటడు. ఈ ఏడు జర గట్టిగ పట్టుకున్నడని నాకు తర్వాత యాదికొచ్చింది.

పండుగ తెల్లారి డిస్కులు మల్ల తగిలిచ్చినప్పుడు ప్రతి ఏడు ఒకటే తమాషా. ఏ వైరు ఎక్కడ ఉండెనో యాదుండదు, పేర్లు రాసిన చిట్టీల మీద పసుపు అంటుకొని ఉంటది. కంప్యూటరు ఒక్కో డిస్కును ఒక్కో అక్షరంతోని గుర్తుపడ్తది గద, ఆ అక్షరాలు తారుమారైతయి. తెర మొత్తం ఎర్రగ. డిస్కుల సెట్టింగ్‌లకు పోయి ఎవని అక్షరం వానికి ఇచ్చేస్తే పది నిమిషాల్ల ప్రాణం లేచొస్తది. ఈ ఏడు గూడ అట్లనే చేసి, మా ఎడిటర్ల ఫోన్ గ్రూపుల సంగతి పెద్దగ రాసుకున్న. అందరు దండాలు పెట్టిండ్రు. ఆ మురిపెంల ఆఖరిదాక చూడలేదు. తెర మొత్తం కోలుకోలేదు, అక్కడక్కడ ఎర్ర మచ్చలు మిగిలే ఉన్నయి.

వారం పది రోజులకు, కాలం చేసిన ఆ పెద్దాయన భార్య వచ్చింది. ఒక్కతే బోధన్ల బస్సెక్కి, ఈడ దిగి ఆటోల వచ్చింది. ఇంట్ల దవాఖానకని చెప్పి వచ్చిందట. కుర్చీ అంచుకు కూసొని, చాయ్ వద్దని, దుకాణమంత ఒకసారి చూసి మెల్లగ సంగతి చెప్పింది. పెండ్లి రోజు ఆమె వంటల కాడ ఉన్నది. అప్పుడు ఆమె భర్త కెమెరా ముందర ఆమె గురించి ఏదో మాట్లాడిండట. ఆమె వినలేదు. ఆయన పోయినంక కొడుకులు, కోడండ్లు ఒకటే చెప్తున్నరు, నాన్న నిన్ను దేవత అన్నడు, నీ వల్లనే ఇంతవాణ్ణైన అన్నడు అని.

"నలభై అయిదేళ్ళు కాపురం చేశాను అన్నయ్యగారూ. కూర బావుందన్న మాట కూడా ఆయన నోట్లోంచి రాలేదు. నన్ను ఓదార్చడానికి వీళ్ళే అల్లుతున్నారేమోనని నా అనుమానం," అన్నది.

ఏటి సూతకం కాబట్టి వాళ్లకు దీపావళి లేదు గని, సెలవులకు మనవరాలు, మనవరాలి మొగడు వస్తున్నరట. అందరు కూసొని పెండ్లి వీడియో చూద్దామని అనుకుంటున్నరట. దానికంటె ముందు తను ఒక్కతే చూడాలె. ఆయన ఆ మాట అననే అనలేదని పదిమంది ముందర తెలుస్తే ఆమె తట్టుకోలేదు. ఆమె అడిగింది ఇంతే, ఆయన ఏమన్నడో అది వినాలె, ఉన్నది ఉన్నట్టు.

నేను ఇంకేమన్న అని ఉంటె బాగుండు. ఆమె ఊరికెనే, ఈ మిషన్లో మాటలు కూడా మార్చొచ్చా అని అడిగింది. నాకు రెక్కలొచ్చినయి. అమ్మా, ఈడొక ముక్క ఆడొక ముక్క అతికిస్తే లేదన్నోడు ఉన్నదంటడు, తిట్టినోడు పొగుడుతడు, ఎవ్వలతోనన్న ఏదన్న చెప్పియ్యగల, అతుకు దేవునికి గూడ దొరకది అన్న. ఆమె ఇంకేం మాట్లాడలేదు. మెచ్చుకొని మాట పడిపోయిందనుకున్న.

ఆమె ముందరనే ప్రాజెక్టు తెరిచి పెద్దాయన కూసున్న చోటికి పోయిన. ఎర్రగున్నది. ముందుకు జరిపిన, వెనక్కి జరిపిన. ఎర్రనే. మొకం మార్చకుంట, ఇది జర కడగాలెనమ్మా, శుక్రవారం రా, సిద్ధంగ ఉంటదని పంపించిన.

ఆమె పోయినంక ఎర్రవి లెక్కపెట్టిన. పదకొండు క్లిప్పులు. ఏ క్లిప్పుల ఏమున్నదో నేను పెండ్లయిన వారమే కాగితం మీద రాసి పెట్టుకుంట, ఆ ఒక్క అలవాటు మాత్రం నిజంగ ఉన్నది. కాగితం తీసి చూస్తే పదకొండింటిలనూ పెద్దాయనే. కాగితం రెండోసారి చదివిన. డిస్కు చెడిపోతే ఇట్ల ఏరి ఏరి చెడిపోదు. కరెంటు పోతే ఒక్క ముసలాయననే పట్టుకొని పోదు. ఇది మనిషి పని.

పని చేసేటప్పుడు తేలికగుండాలని చేసుకునే చిన్న కాపీలు, ప్రాక్సీలంటరు, అవన్న ఉంటయేమోనని వెతికిన. కంప్యూటరు నెమ్మదిగున్నదని నేనే తుడిచేసిన. పోయిన ఫైళ్లను తవ్వి తీసే సాఫ్ట్‌వేర్ నడిపిన. దసరాకు ముందు ఎప్పటెప్పటివో సగం సగం మొకాలు తీసిచ్చింది గని ఇవి రాలేదు. ఆ ఖాళీ మీద పండుగ షూటింగులు ఎక్కించిన గద, పాతవి మిగలవు. ఏదన్న పోయిందని తెలిసినంక ఆ డిస్కు మీద ఒక్క అక్షరం గూడ రాయొద్దు. తెలిసేసరికే రాసి ఉంటిమి.

ఇగ మిగిలింది ఒక్కటే అనుమానం, ముప్పై ఏండ్ల సంది తయారుగ ఉన్నది. కారణం గూడ దొరికింది. ఆ పదకొండు క్లిప్పులు తీసుకపోయి, తనే ఒక చిన్న వీడియో చేసి ఆ ఇంట్ల ఇచ్చి, కాలువ కింద ఊర్లన్నింటిల పేరు కొట్టేస్తడు. దసరా నాడు అంత గట్టిగ ఎందుకు పట్టుకున్నడు? తప్పు చేసినోడే అట్ల పట్టుకుంటడు.

అల్మారి తలుపుకు ఒక వెంట్రుక అతికిచ్చి పెట్టిన, ఎవ్వలన్న తెరుస్తే తెగుతదని. మధ్యాహ్నం నేనే మరిచి తెరిచిన. కంప్యూటరు పాస్‌వర్డ్ మార్చిన, సాయంత్రానికి అది నాకు యాదికి రాలేదు. పార్ట్‌నర్ వచ్చి, నేను ఎప్పుడు ఏ మాట పెట్టుకుంటనో తెలుసు గనుక రెండోసారికే కొట్టి తెరిచిండు. దాంతోని నా అనుమానం ఇంకింత గట్టిపడ్డది. ఎదురుంగ పాన్‌డబ్బ ఆయనను, నేను లేనప్పుడు మా పార్ట్‌నర్ లోపలికి పోతడా అని అడిగిన. నువ్వు ఎప్పుడు లేవు, ఎప్పుడు చూసినా ఈడనే ఉంటవు గద అన్నడు. వాడు గూడ కలిసిండని అనుకున్న.

ఆ తెల్లారి అననే అన్న. పార్ట్‌నర్ సంచి భుజానికి వేసుకొని పోతుండంగ, నా నోరు ఆగలేదు.

"తమ్మీ, పెద్దాయన క్లిప్పులు నీ సంచిల ఏమన్న వచ్చినయేమో చూసుకో."

ఆయన ఆగిండు. సంచి తీసి బల్ల మీద బోర్లిచ్చిండు. బ్యాటరీలు, ఒక టేపు చుట్ట, టిఫిన్ డబ్బా, మోకాలి పట్టీ, ఎండకు పెట్టుకునే టోపీ. ఒక్కొక్కటి వేరు చేసి పెట్టి నాకు చూపిచ్చిండు. మల్ల ఒక్కొక్కటి సంచిల వేసుకున్నడు. ఔనన్నా అనలేదు. మెట్లు దిగి పోయిండు.

మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు, అంటే గురువారం పొద్దుగాల వచ్చిండు. నా కోసం కాదు. ఆ పెద్దామె దగ్గర ఆయన నంబరే ఉండెనట, రేపు రమ్మంటారా తమ్ముడూ అని అడిగిందట. నా మొకం చూడకుంట కుర్చీల కూసున్నడు. కెమెరా మనిషే గని, ఓపికగ చూసే గుణం నాకంటె ఎక్కువ. ముందుగాల ఎర్ర క్లిప్పు మీద నొక్కి, దాని పాత అడ్రసు చదివిండు. ఆ ఫోల్డర్ తెరిచిండు, క్లిప్పులు లేవు. ఆ ఫోల్డర్ ఆఖరిసారి ఎప్పుడు మారిందో తారీఖు, టైము చూసిండు. నేను చెప్పాల్సిన పాఠం ఆయన చేసి చూపెడ్తున్నడు: మనిషిని అడిగే ముందు తారీఖును అడగాలె.

దసరా ముందు రోజు, మధ్యాహ్నం.

"గా రోజు నేను మెండోర ఊర్ల షూటింగు కాడ ఉన్న అన్నా. పొద్దుగాల పోయి చీకటి పడ్డంక వచ్చిన. నువ్వే పంపిచ్చినవు," అన్నడు.

నేను నోరు తెరిచి, కండ్లు పెద్దవి చేసి, అరే అన్న. అంతల నా భార్య వంటింటి గుమ్మం కాడికి వచ్చి నిలబడి, గా రోజు నువ్వే గద, సచ్చిపోయినాయన బొమ్మలు పూజల పెట్టొద్దని, పాత డిస్కులకు ఎక్కిచ్చి, తువాలల చుట్టి సజ్జ మీద పెట్టినవు అన్నది. నేను నెత్తి కొట్టుకొని, నిచ్చెన వేసి, సజ్జ మీది నుంచి తువాల మూట దించిన. డిస్కు తగిలిస్తే పదకొండు క్లిప్పులు పదకొండు ఉన్నయి.

జరిగిన సంగతి ఇదీ. పండుగ ముందురోజు డిస్కులు తుడుస్తుంటే నాకు మనసుల గుబులు పుట్టింది. కాలం చేసి రెండు నెలలు గూడ కాని మనిషి బొమ్మలు, కెమెరాల పక్కన, పసుపు కుంకుమ కింద. నాకు అట్లాంటి పట్టింపులు లేవని ఊరంత చెప్పుకుంట. మైల, ముట్టు, శకునం, ఇవన్నీ తలకాయ లేనోళ్ల మాటలని మా గ్రూపుల ఎన్నిసార్లు వాదించిననో. ఆ మధ్యాహ్నం నా భార్య తప్ప ఎవ్వలు లేంది చూసి, పెద్దాయన ఉన్న క్లిప్పులన్నీ ఏరి, పక్కన పెట్టేసిన ఒక పాత డిస్కులకు పంపిన. కాపీ చేయాల్సింది, కట్ చేసిన. ఉన్న ఇంట్ల నుంచి మొత్తంగ లేపేసిన. సాఫ్ట్‌వేర్ లోపల నుంచి కాకుండ బయట నుంచి ఫైళ్లు జరపొద్దని, పేర్లు మార్చొద్దని రోజూ పిల్లలకు చెప్పే మనిషిని నేను.

గ్రూపుల ఈ కథ ఇక్కడిదాకనే రాసిన. మతిమరుపు అని రాసుకున్న, ముసలోడు పాపం అని అందరు అనుకున్నరు. ఒక్క మాట అందుల రాయలేదు. నాకు బుధవారం పొద్దుగాలనే తెలుసు.

సలి మొదలైందని నా భార్య దుప్పట్లు దించమంటే నిచ్చెన ఎక్కిన. దుప్పట్ల వెనక తువాల మూట చేతికి తగిలింది. ముడి పట్టుకోంగనే అంత యాదికొచ్చింది, ఆ మధ్యాహ్నం, ఆ గుబులు, ఆ కట్. విప్పి చూసిన. మల్ల ముడి వేసి అక్కడనే పెట్టిన. ఒక రోజంత నోరు మూసుకొని ఉన్న. క్లిప్పులు దొరికినయంటే సంచి బోర్లిచ్చిన మనిషికి ఏం చెప్పాలె? ఎవ్వలో తీసుకపోయి, భయపడి వాపసు తెచ్చి పెట్టిండ్రని ఒక కథ కడుదామా అని గూడ చూసిన. నా భార్య దుప్పట్లు అందుకుంట కిందనే నిలబడి ఉన్నది. మూట చూసింది. నేను ఎప్పుడు చెప్తనో చూద్దామని ఒక రోజు చూసి, గురువారం గుమ్మం కాడికి తనే వచ్చింది.

పార్ట్‌నర్ గూడ గుర్తుపట్టిండు. క్లిప్పులకు కొత్త అడ్రసు చూపిచ్చి, ఎర్రవన్నీ బొమ్మలైనంక, తువాలను బల్ల మీద పరిచి చేతితోని తడిమిండు. "సజ్జ మీద అంత దుమ్మున్నది, ముడి మీద లేదేందన్నా," అన్నడు. నేను తుడిచిన అని అన్న. ఎప్పుడు తుడిచినవని అడగలేదు. ఆ పదకొండు క్లిప్పులు ఇంకో డిస్కులకు కాపీ చేసి, అది తన సంచిల వేసుకున్నడు. ఈసారి నన్ను అడగలేదు. నేను ఎలుకల మాట ఎత్తలేదు.

శుక్రవారం ఆమె చెప్పిన యాళ్లకు ముందే వచ్చింది. పార్ట్‌నర్ గూడ ఉన్నడు. ఆమెను తెర ముందర కూసోబెట్టి, నేను కోసి, శుభ్రం చేసి, వెనక సన్నగ సన్నాయి పెట్టి తయారుచేసిన ముక్క చూపిచ్చిన. ఒక నిమిషం గూడ లేదు, పెద్దాయన ఆమె గురించి అన్న మాటల వరకే. అది అయిపోయినంక ఆమె నా దిక్కు తిరిగింది. కండ్లల్ల తడి లేదు, అనుమానం ఉన్నది.

"ఇది మీరు అతికించింది కాదు కదా అన్నయ్యగారూ? ఎవరితోనైనా ఏదైనా చెప్పిస్తానన్నారు మొన్న. మా పెద్దాడు మీకు ఫోను గాని చేశాడా?"

కొడుకు ఫోను చెయ్యలేదు. గని నేను ఏం చెప్పినా ఆమె నమ్మది, నమ్మకుంట చేసింది నేనే. దీపావళికి అందరి నడుమ కూసొని, ఇది అతుకు, ఇది అతుకు అనుకుంట చూస్తది. ఉన్న ఒక్క నిజమైన మాట ఆమెకు పనికిరాకుంట పోతది.

ఇగ చెప్పక తప్పలేదు. పార్ట్‌నర్ వింటుండంగనే చెప్పిన. అమ్మా, నాకు అంత పనితనం లేదు. మాటలు అతికిచ్చుడు నాకు రాదు. ఒకసారి ఒక పెండ్లికొడుకు తుమ్ము తీసేయబోతే ఆయన మంత్రం సగం తెగిపోయింది. నేను చెప్పింది ఒట్టి బడాయి. ఈ క్లిప్పులు నాలుగు రోజులు దొరకలేదు. ఎందుకు దొరకలేదంటే, మీ ఆయన కాలం చేసిండని, మైలని, ఆ బొమ్మలను నేనే పండుగల నుంచి వెళ్లగొట్టి సజ్జ మీద పెట్టిన. పెట్టి మరిచిపోయి, ఈ మనిషిని దొంగ అన్న. బుధవారం యాదికొచ్చింది, అయినా చెప్పలేదు. అతికించే తెలివి ఉన్నోడు ఇంత తెలివితక్కువ పని చేస్తడా, మీరే చెప్పుండ్రి.

బుధవారం అన్నప్పుడు పార్ట్‌నర్ తల ఎత్తిండు. నేను ఆయన దిక్కు చూడలేదు, తెర దిక్కు చూసిన.

"మైలా?" అన్నది ఆమె. "ఆయన వింటే మీ మీదకి కర్ర తీసుకునేవాడు." తర్వాత, కోయకముందుది ఉంటే పెట్టమన్నది.

పార్ట్‌నర్ నన్ను జరగమని, తను కూసొని పెట్టిండు. కెమెరాల నుంచి దిగింది దిగినట్టు, ఎక్కడ కోత లేదు, కింద సెకన్లు ఒకటి వెనక ఒకటి నడుస్తనే ఉన్నయి. చూడు అమ్మా, ఈ అంకెలు ఎక్కడన్న ఎగిరితే అతుకు ఉన్నట్టు అని చెప్పిండు. సన్నాయి లేదు, విస్తర్ల చప్పుడు ఉన్నది, ఫ్యాను గర్రుమంటున్నది. పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీల కూసొని పండ్ల నడుమ పుల్లతోని కెలుక్కుంటున్నడు. కెమెరా వెనక నుంచి పార్ట్‌నర్ గొంతు, పెద్దాయనా పిల్లకు ఒక దీవెన చెప్పుండ్రి అని. దీవెనలు నాకేం తెలుసయ్యా, మా ఇంటావిణ్ణి అడుగు, వంటల దగ్గరుంటుంది అన్నడు పెద్దాయన. ఎవ్వలినో పిలిచి మోటరు కట్టేసిన్రా అని అడిగిండు. దగ్గిండు. నేనైతే అక్కడ కెమెరా ఆపేద్దును. పార్ట్‌నర్ ఆపలేదు. చానాసేపటికి పెద్దాయన కెమెరాను చూడకుంట, ఎదురుంగ ఎవ్వలో ఉన్నట్టు మాట్లాడిండు.

"ఈ ఊరొచ్చిన కొత్తల్లో నెల్లాళ్ళు ఏడ్చింది. వెనక్కి పోదామంది. నేను వినలా. నా మాటే నెగ్గాలనుకున్నా. తప్పేలే అది. ఈ మాట దానికి చెప్పమాకండి, మిగిలిన కాలమంతా దెప్పుద్ది."

తువాలతోని మూతి తుడుచుకొని లేచి పోయిండు. కుర్చీ ఖాళీగ ఉన్నది. పార్ట్‌నర్ కొంచెం వెనక్కి జరిపి, ఆయన మొకం కనబడే చోట ఆపిండు.

"దేవత అనలేదు," అన్నది ఆమె.

అనలేదమ్మా అన్న.

"ఎక్కడా పొగడలేదు." ఆమె కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగి ఒరిగి కూసున్నది, మొదటిసారి. "నెల్లాళ్ళంట. నెల్లాళ్ళేంటి, మూడు నెలలు ఏడ్చాను."

మాకు చెప్పలేదు ఆమె ఆ మాట. తెర మీది మనిషికి చెప్పింది. ఇగ ఆపలేదు. ఇంటి మీది రేకుల కప్పు గురించి, కొట్టు కాడ ఇక్కడి మాట అర్థం కాక ఉప్పు అడగలేక వాపసొచ్చిన రోజు గురించి, పొయ్యి కాడికి వచ్చిన తేలు గురించి, ఆ తేలును చంపి ఆయన నవ్వినందుకు తను రెండు పూటలు అన్నం పెట్టకపోయిన సంగతి గురించి, ఒకటొకటి లెక్క అప్పజెప్పినట్టు ఆయన మొకం మీదనే అన్నది. గొంతు పెంచలేదు. మా కంప్యూటరుకు ఒక గుణం ఉన్నది, రెండు నిమిషాలు ముట్టకపోతే తెర నల్లగైతది. నా పార్ట్‌నర్ ఆమె పక్కన కూసొని, ఆమె దిక్కు చూడకుంట, తెర ఆరిపోకుండ మౌసును ఉండుండి ఒక వేలితోని జరుపుతనే ఉన్నడు.